పోస్టర్ మీద ఐదుగురు

నా కూతురు అబెనా కెనడా రాలేదు. దానికి కారణం నా భార్య వాళ్ళ అన్న ఒపోకు. ఈ విషయంలో రెండో మాట లేదు. చర్చిలో ఎవరైనా పక్కకి పిలిచి "ప్రభుత్వం నీకు అన్యాయం చేసింది" అంటే నేను ఒప్పుకోను. ప్రభుత్వం ఒక ప్రశ్న అడిగింది. అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఆ ప్రశ్న పుట్టించినవాడు మా దేశంలో, టెచిమాన్ దగ్గరి ఊళ్ళో ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉంటాడు.

నా పేరు యావ్ అడోమాకో. ఊరి బడిలో ఎనిమిది దాకా చదివాను. టొరంటో వచ్చి పంతొమ్మిదేళ్ళు. కోళ్ళ ఫ్యాక్టరీలో తొడల్లోంచి ఎముక తీసే లైన్ మీద నిలబడతాను. ఎడమ చేతికి ఇనప జాలీ గ్లౌజు, కుడి చేతిలో కత్తి. ఒక ముక్కకి మూడు కోతలు. నాలుగో కోత పడితే సూపర్‌వైజరు అరుస్తాడు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. అందులో ఎవరి ఆచారమూ లేదు.

అబెనాకి రెండేళ్ళప్పుడు నేను ఇక్కడికి వచ్చాను. దానికి ఆరేళ్ళు వచ్చేసరికి తల్లి సెర్వా పోయింది. కడుపునొప్పి అని మంగళవారం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. గురువారం తెల్లవారేసరికి మనిషి లేదు. నన్ను ఇక్కడ ఉండనిస్తారా లేదా అన్న కేసు అప్పటికి ఇంకా తేలలేదు. దేశం దాటితే మళ్ళీ రానివ్వరు. నేను వెళ్ళలేదు.

అంత్యక్రియలయ్యాక మూడు వారాలకి ఊరినుంచి వస్తున్న ఒకతని చేత ఒపోకు పోస్టర్ పంపించాడు. మా వైపు మనిషి పోతే పోస్టర్ వేయించి గోడలకీ కరెంటు స్తంభాలకీ అంటిస్తారు. సెర్వా పోయిందని నేను అచ్చులో చూసింది అదే మొదటిసారి. పైన మా పెళ్ళినాటి ఫొటో. అందులో నన్ను కత్తిరించేశారు. ఆమె భుజం మీద నా నాలుగు వేళ్ళు మాత్రం మిగిలాయి. కింద 'పిల్లలు' అని ఐదు పేర్లు ఉన్నాయి. క్వాడ్వో, అకోసువా, అబెనా, ట్వుమ్, యా.

నేను కన్నది ఒక్క అబెనానే. మిగతా నలుగురూ సెర్వా అక్క ఆఫ్రియే పిల్లలు. వయసు వరసలో వేశారు కాబట్టి నా కూతురు మూడోది. 'భర్త' అన్న మాట కోసం చాలాసేపు వెతికాను. మేనమామలు, పెత్తల్లులు, ఊరి పెద్దలు, చర్చి సంఘం, అందరూ అయ్యాక ఆఖర్న నా పేరుంది.

మా ఆకాన్ వాళ్ళలో బిడ్డ తల్లి ఇంటిది. తండ్రి పేరు పెడతాడు, బడికి పంపుతాడు, పెళ్ళికి వచ్చి కూర్చుంటాడు. మాట చెల్లేది మేనమామది. సెర్వా పోయాక అబెనా ఒపోకు నీడనే పెరిగింది. నా కాగితాలు వచ్చినప్పుడు 'పిల్లలు ఎంతమంది' అన్నచోట 'ఒకరు' అని రాశాను. తర్వాత తీసుకురావాలంటే తప్పదన్నారని అబెనాకి డాక్టరు పరీక్ష కూడా అక్కడే చేయించాను. పంపించమని ఒపోకుని అడిగాను. "తల్లి లేని పిల్ల, చలిదేశంలో ఎవరు తల దువ్వుతారు బావా?" అన్నాడు. తర్వాతి ఏడు అడిగితే బడి అయిపోనీ అన్నాడు. ఆ తర్వాత నర్సు శిక్షణ అన్నాడు. నేను రెండుసార్లు వెళ్ళి వచ్చాను. రెండుసార్లూ ఆచారం ప్రకారం జిన్ సీసా పట్టుకెళ్ళి, పెద్దల ముందు కూర్చుని పద్ధతిగా అడిగాను. సీసా తీసుకున్నారు. పిల్లని ఇవ్వలేదు.

అబెనాకి ఇరవై ఒకటి నిండాక ఒపోకు ఒకరోజు తనే ఫోన్ చేశాడు.

"ఇప్పుడు తీసుకెళ్ళు బావా. దానికి పని వచ్చు. ఇంక ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు."

ఇరవై రెండు నిండితే తండ్రి తీసుకురావడానికి వీల్లేదు. ఆ లోపు అర్జీ ఆఫీసుకి చేరితే వాళ్ళ లెక్కలో వయసు అక్కడ ఆగిపోతుంది. చేరకపోయినా, చేరినది కొట్టేసినా ఇంతే సంగతులు. ఫిబ్రవరి పదకొండుకి దానికి ఇరవై రెండు. ఒపోకు ఫోన్ చేసింది ఆగస్టులో.

ఫించ్ వీధిలో కంద దుంపలు, ఎండు చేపలు అమ్మే దుకాణం పక్కన టెటే అనే మనిషి గది ఉంది. అర్జీలు నింపిపెడతాడు. మా రాజధాని అక్రా వాడు, గా తెగ మనిషి. నోరు పెద్దది కానీ పని వచ్చు.

"యావ్ అన్నా, భార్య మరణ పత్రం ఏదీ?" అన్నాడు.

"లేదు."

"లేదంటే?"

"ఊళ్ళో పూడ్చారు. ఆఫీసుకి వెళ్ళి రాయించలేదు."

"పదిహేనేళ్ళనుంచి ప్రభుత్వం లెక్కలో ఆవిడ బతికే ఉందన్నమాట. మరి బతికున్న తల్లి సంతకం కావాలి అంటారు, ఏం చేస్తావ్?"

"టెటే."

"సరే సరే. మీ బావమరిదికి చెప్పు. ఆలస్యంగా రాయించుకోవచ్చు. ఇంటి పెద్ద అఫిడవిట్ ఒకటి ఇస్తే చాలు. పోయింది నిజమే అని."

ఒపోకుకి చెప్పాను. ఒక్క మాట చాలు, పోయింది నిజమే అని రాయించు, అంతకుమించి వద్దు అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "అర్థమైంది బావా" అన్నాడు. వారంలో కట్ట వచ్చింది. మరణ పత్రం, దాని వెనక ఒపోకు అఫిడవిట్, దాని వెనక పాత పోస్టర్ ఫొటో. అఫిడవిట్‌లో పోయింది నిజమే అని ఒక వరస ఉంది. మిగతా పేజీన్నర సెర్వా ఎంత మంచి మనిషో, ఏ ఇంటి ఆడపడుచో, ఎలా ఐదుగురు పిల్లల్ని వదిలి పోయిందో. ఐదుగురి పేర్లూ వయసులతో సహా.

నేను ఫ్యాక్టరీలో ఉండగా ఆ కట్ట టెటే ఫోన్‌కి వచ్చింది. వాడు చదవకుండా మొత్తం అర్జీకి జతచేసి పంపించేశాడు.

"కాగితం ఎక్కువైతే నష్టమేముంది అన్నా?" అన్నాడు తర్వాత.

ఆ నష్టం డిసెంబరు పద్దెనిమిదిన ఉత్తరంగా వచ్చింది. మీ అర్జీలో ఒక కూతురని రాశారు. గతంలోనూ ఒకరే అన్నారు. జతపరచిన పత్రాల ప్రకారం మీ భార్యకు ఐదుగురు పిల్లలు. మిగతా నలుగురు ఎవరు, వారిని ఎందుకు దాచారు, ముప్పై రోజుల్లో రుజువులతో తెలపండి. లేకపోతే అర్జీ తిరస్కరించబడుతుంది.

దాచానట. పంతొమ్మిదేళ్ళలో నేను దాచింది ఏదీ లేదు. బస్సు టికెట్టు కూడా దాచలేదు.

నోటితో చెబితే తేలిపోయే సంగతి అనుకుని ఆఫీసుకి ఫోన్ చేశాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను. నలభై నిమిషాలు పియానో వినిపించాక ఒక అమ్మాయి పలికింది. మర్యాదగానే మాట్లాడింది.

"అబెనాకి తోబుట్టువులు ఉన్నారా సర్?"

"లేరు."

"మరి క్వాడ్వో ఎవరు?"

"దాని అన్న."

కీబోర్డు చప్పుడు వినిపించింది.

"అన్న అంటున్నారు."

"అన్నే. నా కొడుకు కాదు."

"మీ భార్యకి ముందు పెళ్ళిలో పుట్టాడా?"

"ఆమెకి ముందు పెళ్ళి లేదు."

"తర్వాత?"

"తర్వాత చచ్చిపోయింది."

"సారీ సర్. అయితే దత్తత తీసుకున్నారా?"

"ఎందుకు తీసుకుంటాం? వాళ్ళమ్మ ఉంది. బజార్లో టమాటాలు అమ్ముతుంది."

"వాళ్ళమ్మ మీ భార్య కాదు."

"నా భార్య అక్క."

"కానీ ఈ అఫిడవిట్‌లో క్వాడ్వో తల్లి మీ భార్య అని ఉంది."

"తల్లే."

"సర్, తల్లి ఎవరు?"

"ఇద్దరూ."

మళ్ళీ కీబోర్డు. ఈసారి ఎక్కువసేపు కొట్టింది.

"ఆ నలుగురూ అబెనాతో ఒకే ఇంట్లో ఉంటారా?"

"ఇంకెక్కడుంటారు?"

"సర్, ఇదంతా నేను ఫైల్లో నోట్ చేస్తున్నాను."

"చెయ్యొద్దమ్మా."

"చెయ్యాలి సర్."

ఈ సంగతి విని టెటే నుదురు బల్లకి ఆనించి కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు ఆ ఫోన్ చెయ్యకుండా ఉంటే ఉత్తరం ఒక్కటే ఉండేది. ఇప్పుడు నీ నోటితో నువ్వే సాక్ష్యం చెప్పావ్."

"నేను నిజమే చెప్పాను."

"నిజమే. నీ నిజం రాయడానికి వాళ్ళ ఫారంలో గడి లేదు."

తర్వాత ఒక కాగితం తీసి కావలసినవి రాశాడు. ఆ నలుగురి జనన పత్రాలు. కన్నది తనేనని ఆఫ్రియే అఫిడవిట్. ఒపోకు ఇంకో అఫిడవిట్, మొదటిది సరిచేస్తూ. అబెనా కుటుంబ వివరాల ఫారం మళ్ళీ కొత్తగా, సంతకంతో. జనవరి పదిహేడు ఆఖరు తేదీ.

ఆదివారం చర్చి అయ్యాక ఒపోకుకి ఫోన్ చేశాను.

"బావా, ఆ నలుగురి పేర్లు తీసేసి ఇంకో అఫిడవిట్ ఇవ్వు."

"తీసెయ్యాలా. ఎక్కడికి తీసెయ్యాలి?"

"కాగితం మీదనుంచి. ఇంట్లోంచి కాదు."

"చూడు బావా. నా చెల్లెలు ఒక్క పిల్లని కని పోయిందని నా సంతకంతో రాయమంటావా? శవం తల దగ్గర ఐదుగురు ఎర్రబట్ట కట్టుకుని నిలబడ్డారు. ఊరంతా చూసింది. నువ్వు చూళ్ళేదనుకో. నువ్వు రాలేదు కదా."

"నాకు అప్పుడు కాగితాలు లేవు."

"అప్పుడు కాగితాలు లేవు. ఇప్పుడు కాగితాలు ఎక్కువయ్యాయి. నీకూ కాగితాలకీ ఎప్పుడూ పడలేదు బావా."

వెనకాల ఎవరో నవ్వారు. ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నాడని అప్పుడు తెలిసింది. అక్కడ ఆదివారం సాయంత్రం, ఇంటి ముందు చెట్టు కింద ఎంతమంది కూర్చుని ఉంటారో నాకు తెలుసు.

"ఒక్క సంతకం," అన్నాను.

"ఈరోజు నేను రాసి ఇస్తా. రేపు నేను పోతా. నా తర్వాత ఇంటికి పెద్ద అయ్యేవాడు ఆ కాగితం తీసి, క్వాడ్వో సెర్వా కొడుకు కాదు, ఆవిడ పొలంలో వాడికి చోటు లేదు అంటాడు. అప్పుడు వాణ్ణి నువ్వు కెనడా తీసుకెళ్తావా?"

"మీ పొలం గొడవ నాకెందుకు?"

"నీకెందుకులే. నువ్వు తండ్రివి."

ఈ మాట తిట్టులా అనలేదు. మామూలుగానే అన్నాడు. అందుకే మర్చిపోలేదు.

రెండు రోజులకి ఆఫ్రియే వదిన బజారునుంచి ఫోన్ చేసింది. గంపలు దింపుతున్న చప్పుడు, లారీ హారన్లు.

"మరిదీ, అన్నయ్య సంగతి వదిలెయ్. నేను కోర్టు దగ్గర టైపు కొట్టేవాడి దగ్గరికి వెళ్తా. నలుగురినీ నేనే కన్నానని రాయించాలి, అంతేనా?"

"అంతే వదినా."

"దానికి నాకేం నొప్పి? కన్నాను కాబట్టి కన్నానంటా. నేను తెల్లారకుండా బజారుకి పోతే ఎత్తుకుని తిరిగింది సెర్వా. ట్వుమ్ దాని పాలే తాగాడు. అది కూడా రాయించనా?"

"వద్దు."

"రాస్తే ఏం పోతుంది?"

"వదినా, వద్దు. కన్నది నేను అని ఒక్క వరస. చాలు."

"కెనడాలో ఒక్క వరసతో అన్నీ అయిపోతాయా ఏంటి," అని నవ్వింది. కానీ మాట నిలబెట్టుకుంది. నలుగురి జనన పత్రాలూ, ఒక్క వరస అఫిడవిట్టూ జనవరి తొమ్మిదికల్లా వచ్చేశాయి. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒపోకుది లేకపోయినా గడుస్తుంది అన్నాడు టెటే. ఇక అబెనా ఫారం ఒక్కటే మిగిలింది.

అది పదకొండున వచ్చింది. నేను టెటే గదిలోనే ఉన్నాను. వాడు తెర మీద తెరిచాడు. నా కూతురి చేతిరాత గుండ్రంగా, పొందిగ్గా ఉంటుంది, తల్లిది కాదు, ఎవరిదో. తోబుట్టువులు ఎంతమంది అన్న గడిలో నాలుగు అని ఉంది. కింద వరసగా నాలుగు పేర్లు. క్వాడ్వో, అకోసువా, ట్వుమ్, యా. చివర సంతకం.

"పొరపాటు పడింది," అన్నాను.

"ఇంత అందంగా పొరపాటు పడరన్నా," అన్నాడు టెటే.

బయటికి వచ్చి బస్‌స్టాప్ అద్దాల మధ్య నిలబడి ఫోన్ చేశాను. ఆ రోజు మంచు పడలేదు. ఊరికే చలి.

"నాన్నా, ఎలా ఉన్నారు? ఫారం అందిందా?"

"అందింది. ఆ గడిలో సున్నా రాయాలి. తిరిగి రాసి పంపు."

"ఏ గడి?"

"నీకు తెలుసు ఏ గడో."

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. తర్వాత ఇంకెవరో పలికారు. మగ గొంతు.

"బాబాయ్, నేను క్వాడ్వోని. నన్ను తీసెయ్యండి, పర్వాలేదు. నేనే చెప్తున్నా దానికి. సున్నా రాసి పారెయ్, వెళ్ళి మాకు బూట్లు పంపించు అని."

"నువ్వు ఊరుకో అన్నా," అంది అబెనా.

"ఊరుకోను. నీ బుర్రలో రాళ్ళున్నాయి."

"అన్నా, బయటికి వెళ్ళు."

తలుపు చప్పుడైంది. మళ్ళీ అబెనా.

"నాన్నా, పెద్దమ్మ కన్నదని పెద్దమ్మ రాసింది. నన్ను కూడా అలా రాయమంటే రాస్తా. వీళ్ళని పెద్దమ్మ కన్నది, నన్ను అమ్మ కన్నది అని. అది నిజం. నాకు ఎవరూ లేరని మాత్రం రాయను."

"ఎవరూ లేరని కాదు. ఆ గడికి అర్థం వేరు."

"గడికి అర్థం ఆఫీసరు చెప్తాడు. నేను నాకు తెలిసింది రాశా."

"ఇది నీ జీవితం. ఒక్క అంకె."

"అమ్మని చివరి చూపుకి పడుకోబెట్టిన రోజున మంచం ఎత్తుగా ఉంది. నాకు మొహం కనబడలేదు. క్వాడ్వో అన్న నన్ను ఎత్తుకున్నాడు. వాడికి పదకొండేళ్ళు. చివరిదాకా నన్ను దింపలేదు. నాకు ఆ రోజుది గుర్తున్నది అదొక్కటే నాన్నా. దాని మీద సున్నా ఎలా పెట్టను?"

మీరు లేరు అని అది అనలేదు. వాళ్ళ మామ అనేశాడు కాబట్టి అది అనక్కర్లేకపోయింది.

"ఆలోచించు. నేను ఎదురుచూస్తాను," అని పెట్టేశాను.

ఎదురుచూశాను. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. లైన్ మీద నాలుగో కోత పడింది. ఒకసారి కాదు. సూపర్‌వైజరు అరిచాడు. విరామంలో లాకరు తెరిచి ఫోన్ చూస్తే అబెనానుంచి ఏమీ లేదు. టెటే నుంచి ఆరు మెసేజీలు.

పదిహేనో తారీఖు సాయంత్రం వాడి గదికి వెళ్ళాను. పక్క దుకాణం నుంచి పులిసిన మొక్కజొన్న పిండి ఉడికించిన కెంకే పొట్లం, వేయించిన చేప తెచ్చి బల్ల మీద పెట్టాడు. తిననన్నాను. వాడే తింటూ, చేతులు తుడుచుకుని ఒక కాగితం నా ముందుకి జరిపాడు.

"పిల్ల ఫారం అలాగే పంపుదాం. ఆఫ్రియే అఫిడవిట్, జనన పత్రాలు జత చేద్దాం. నాలుగు అని ఎందుకు రాసిందో చెబుతూ పైన నీ ఉత్తరం పెడదాం. నేను రాశా. నువ్వు సంతకం పెట్టు. అది లేకుండా మిగతావేవీ పంపలేం."

ఉత్తరం చిన్నదే. మూడు వాక్యాలు. మధ్య వాక్యం ఇలా ఉంది: 'మా ఆచారం ప్రకారం నా భార్య అక్క పిల్లలు నలుగురూ నా భార్యకు, నాకు పిల్లలతో సమానమే, అయితే మేము కన్నది అబెనాను మాత్రమే.'

"ఈ వాక్యం తీసెయ్," అన్నాను.

"అదే తీసేస్తే ఇంకేం మిగిలింది? దాని కోసమే కదా ఉత్తరం. అది లేకపోతే ఆ కాగితాలన్నీ ఒకదాన్నొకటి అబద్ధం అంటాయి."

"నాకు పిల్లలు నలుగురు లేరు."

"ఉన్నారని ఎవరన్నారు? సమానమే అన్నా."

"సమానం కాదు."

"యావ్ అన్నా, నేను గా వాణ్ణి. మాకు తండ్రి ఇల్లే ఇల్లు. మీ ఆకాన్ల మేనమామల గోల నాకు ఈ జన్మకి అర్థం కాదు. అలాంటి నాకే ఈ సంగతి అర్థమైంది. ఆఫీసరుకి కాదా? ఇలాంటివి వాళ్ళు రోజూ చూస్తారు. ఇది దాటుతుంది. నేను పందెం కాస్తా."

"దాటినా నేను పెట్టను."

"ఎందుకు?"

ఎందుకో వాడికి చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. ఆ వాక్యం కింద నా పేరు రాస్తే ఒపోకు వేసిన పోస్టర్ సరైనదే అని రాసినట్టు. పోస్టర్ సరైనదైతే నా బిడ్డ ఐదుగురిలో మూడోది. నేను ఆఖరి వరస. ఫొటోలో నాలుగు వేళ్ళు. పదిహేనేళ్ళుగా ఆ పోస్టర్ నా బీరువాలో, బొమ్మ లోపలికి మడిచి, బట్టల అడుగున ఉంది. దాన్ని నేనే తీసి నా సంతకంతో ప్రభుత్వానికి ఇవ్వాలా?

"అది సున్నా రాసి పంపుతుంది. ఇంకా రెండు రోజులుంది," అన్నాను.

"రాయకపోతే?"

"రాస్తుంది."

"నువ్వు రాస్తావా అన్నా, దాని చోట ఉంటే?"

లేచి వచ్చేశాను.

పదహారున ఫోన్ రాలేదు. పదిహేడున సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. మధ్యాహ్నం టెటే తనే వచ్చి తలుపు కొట్టాడు. ఉత్తరం, పెన్ను రెండూ తెచ్చాడు. కోటు మీద తడి.

"అన్నా, సంతకం. ఇప్పుడు పెట్టినా గంటలో పంపేస్తా."

"అది రాసి పంపిందా?"

"లేదు. పిల్లది మొండి. నీ పోలికే."

"అయితే వెళ్ళు."

"ఒక్క గీత గియ్. నీ పేరు కూడా రాయక్కర్లేదు, పేరూ అడ్రసూ నేనే వేస్తా."

తలుపు వేశాను. వాడు వరండాలో ఇంకా కాసేపు నిలబడ్డాడు. బూట్లు విదిలించుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత లిఫ్టు గంట.

ఫిబ్రవరి పదకొండు వెళ్ళిపోయింది. తిరస్కరణ ఉత్తరం పంతొమ్మిదిన వచ్చింది. అడిగిన వివరాలు గడువులోగా అందనందున. అంతే. కోపంగా ఏమీ రాయలేదు. కొత్త అర్జీ వేసుకునే వయసు అబెనాకి దాటిపోయిందని కూడా వాళ్ళే రాశారు, నాకు తెలియదేమో అని.

పుట్టినరోజు నాడు అబెనా ఒక ఫొటో పంపించింది. వదిన అంగడి ముందు, టమాటా గంపల మధ్య ఐదుగురూ కూర్చుని ఉన్నారు. క్వాడ్వో నెత్తిన ఖాళీ గంప బోర్లించుకుని ఉన్నాడు. 'నాన్నా, భోంచేశారా' అని కింద రాసింది. నేను జవాబివ్వలేదు. తర్వాత కూడా రెండుసార్లు రాసింది. ఫోన్ కూడా చేసింది. తియ్యలేదు. మా మధ్య మాట్లాడుకోవడానికి ఉన్నది ఒకటే సంగతి. అది అయిపోయింది.

ఒపోకు కూడా ఫోన్ చేశాడు, మనిషిని పంపాడు. ఈ ఈస్టరుకి ఊరు రమ్మని, పెద్దల ముందు కూర్చుని తేల్చుకుందామని. ఏం తేల్చుకోవాలి? ఒక్క వరస రాయించమన్నచోట పేజీన్నర రాయించాడు. అక్కడే అయిపోయింది. మిగతాదంతా దాని వెనక వచ్చిందే.

చర్చిలో పాస్టరు గారు పోయిన ఆదివారం నా పక్కన కూర్చుని, "యావ్, ఆ ఉత్తరం సంగతి టెటే నాకు చెప్పాడు," అన్నారు. నేను లేచి వెనక వరసకి వెళ్ళి కూర్చున్నాను.

టెటేతో నేను మాట్లాడను. ఊరికి ఫోన్ చెయ్యను. జరిగింది జరిగినట్టు ఒకసారి చెప్పాలి కాబట్టి చెప్పాను. కారణం ఒపోకు. దీని గురించి ఇంక ఎవరూ నన్ను అడగొద్దు. అడిగినా ఈ నోటినుంచి ఇంకో మాట రాదు.